జపాను బొమ్మ, సూరత్ బుకింగు

ఆ ఆదివారం పొద్దున భూదేవి వేసుకున్న పథకానికి వంక పెట్టడానికి లేదు. తొమ్మిదింటికి జపానులో ఉన్న భర్త సోమలింగం వీడియో కాల్ చేస్తాడు. అక్కడి మాల్‌లో బొమ్మల దుకాణం చూపిస్తాడు. కూతురు సుమన తనకు కావలసిన బొమ్మ ఏదో చెబుతుంది, ఆయన కొంటాడు. తొమ్మిదిన్నరకల్లా ఆ ముచ్చట ముగుస్తుంది. పదింటికి భూదేవి వాట్సాప్‌లో చీరల అమ్మకం మొదలుపెడుతుంది. పథకంలో ఉన్న లోపమల్లా అది భూదేవి బొటనవేలి మీద ఆధారపడి ఉండటమే.

సోమలింగం సూరత్ పక్కన పల్సానాలో ఒక బట్టల మిల్లులో మగ్గాల ఫిట్టరు. నీళ్ల జోరుతో పోగును విసిరే జపాను మగ్గాలు కొన్న సేటు, వాటి రిపేరు నేర్చుకు రమ్మని అతన్ని పది రోజులు అక్కడికే పంపాడు. నిజానికి ఆ ప్రయాణం 2020 మార్చిలో జరగాలి. పెట్టె సర్దుకుని, సిరిసిల్లలో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పుకుని, మిల్లులో దండ కూడా వేయించుకున్నాక లాక్‌డౌన్ వచ్చింది. దండ వాడిపోయింది. పెట్టె సూరత్ నవాగామ్‌లోని వాళ్ల ఒంటిగది ఇంట్లో మంచం కింద రెండేళ్ల మూడు నెలలు కూర్చుని, చివరికి 2022 జూన్‌లో విమానం ఎక్కింది.

సుమనకు పందొమ్మిదేళ్లు. బట్టల డిజైనింగు కోర్సు చదువుతోంది. చేతికి కాగితం దొరికితే చాలు, ఇంతింత కళ్లున్న జపాను కార్టూన్ మనుషులను గీస్తుంది. ఆ కార్టూన్లలోని వాళ్లను జానెడెత్తు ప్లాస్టిక్ బొమ్మలుగా చేసి అమ్ముతారని, పెద్దపెద్ద వాళ్లు కూడా కొని అద్దాల అల్మారాలో పెట్టుకుంటారని ఆమె చెప్పినప్పుడు భూదేవి నమ్మలేదు.

"కొని ఆడుకోరా?" అని అడిగింది.

"ఆడుకోరమ్మా. చూస్తరు."

"ఊకెనే చూస్తరా?"

"ఊకెనే చూస్తరు."

భూదేవి "పెండ్లినాటి పట్టుచీర లెక్క" అని అర్థం చేసుకుంది. అంతకన్నా బాగా ఆ సంగతి ఎవరూ చెప్పలేరు.

సుమనకు కావలసింది ఒకే ఒక్క బొమ్మ. నీలం జుట్టు పిల్ల. చేతిలో తనకంటే పొడవైన కత్తి, ఒంటి మీద నేలను తాకే గౌను. లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి ఇల్లు గడవనప్పుడు ఆ పిల్ల రోజంతా కూర్చుని చీరలకు రాళ్లు అంటించింది, లేసులు కుట్టింది. అది చూడలేక సోమలింగం అప్పుడు మాట ఇచ్చాడు. "నేను జపాన్ వోయిన్నాడు నీ బొమ్మ నీకు తెస్త బిడ్డా" అన్నాడు. ఆ మాట పట్టుకుని సుమన రెండేళ్లు ఎదురుచూసింది.

భూదేవి వాట్సాప్ గ్రూపు పుట్టింది కూడా ఆ కష్టకాలంలోనే. సిరిసిల్ల, కోరుట్ల, భీవండి, షోలాపూరులలో ఉన్న తమ చుట్టాలు, వాళ్ల చుట్టాలు కలిపి రెండు వందల పద్నాలుగు మంది ఆడవాళ్లు అందులో ఉన్నారు. మిల్లులో కొత్త చీర దిగగానే సోమలింగం ఫోటో తీసి పంపేవాడు. భూదేవి దాన్ని గ్రూపులోకి తోసేసేది. ప్రతి ఫోటోల కట్ట కిందా ఒకే మాట ఉండేది: "కొత్త స్టాక్. ఏ పీసైనా ఏడు వందల యాభై. ముందు స్క్రీన్‌షాట్ పెట్టినోళ్లకే. బుక్ అంటే బుక్. ఫాల్, పీకో వేరే." అంటే చీర కింది అంచుకు గుడ్డపట్టీ వేసి, కొంగు అంచు కుట్టించే ఖర్చు విడిగా ఇవ్వాలి.

ఇందులో "బుక్ అంటే బుక్" అనేది రెండు వైపులా కోసే కత్తి. కొన్నవాళ్లు వద్దనకూడదు, అమ్మినామె లేదనకూడదు. సూరత్ శివార్లలోని ఉన్ అనే చోట ఉండే ఒకావిడ కూడా ఇలాంటి గ్రూపే నడిపేది. ఒక దీపావళికి బుక్ చేసిన నాలుగు చీరలు లేవని చెప్పింది. సాయంత్రానికి ఆ గ్రూపులో ఆమె, ఆమె చెల్లెలు మిగిలారు. మగ్గం మళ్లీ ఎప్పుడు ఆగుతుందో తెలియని రోజుల్లో భూదేవికి ఉన్న ఆస్తి ఆ మాట ఒక్కటే. దాన్ని ఆమె కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చింది.

ఇక బొటనవేలి సంగతి. ఫోటోలను తెరిచి, చూసి, మెచ్చి, అప్పుడు పంపితే ఈలోగా అవే చీరలను ఇంకో గ్రూపు ఆమె పంపేస్తుంది. అందుకని భూదేవి మొగుడి దగ్గర నుంచి ఫోటోలు రాగానే చూడకుండానే గ్రూపుకి తోసేయడం నేర్చుకుంది. పని ముందు, చూపు తర్వాత. రెండేళ్లలో ఆ వేలికి ఎంత అలవాటైపోయిందంటే, అది భూదేవిని అడగడం కూడా మానేసింది.

ఆ రోజు కుళాయి నీళ్లు ఎప్పటిలా ఎనిమిదింటికి కాక తొమ్మిదికి వచ్చాయి. సుమన బిందె తీసుకుని కిందికి పరిగెత్తింది. "బాపు ఫోన్ చేస్తే నన్ను పిలువమ్మా" అని మెట్ల మీద నుంచి చెప్పింది. భూదేవి జొన్నరొట్టె తడుతూ సరేనంది.

ఫోన్ మోగింది. పిండి చేత్తోనే ఎత్తింది. తెర మీద సోమలింగం చెవి కనిపించింది, తర్వాత ఏవో మెరిసే అల్మారాలు, తర్వాత మాస్కు పెట్టుకున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయి రెండు చేతులనూ గుండె ముందు అడ్డంగా కత్తెర వేసి నిలబడి, వద్దన్నట్టు తల ఊపింది. కాల్ తెగిపోయింది. సిగ్నల్ పోయిందనుకుని, మళ్లీ ఆయనే చేస్తాడులే అని భూదేవి రొట్టె తిప్పేసింది. దుకాణంలో వీడియో కాల్ చేయకూడదని, ఫోటోలైతే తీసుకోవచ్చని ఆ అమ్మాయి సోమలింగానికి సైగలతో చెప్పిన సంగతి ఆమెకు తెలియదు.

రెండు నిమిషాల తర్వాత ఫోన్ టింగు టింగుమని మోగడం మొదలుపెట్టింది. సోమలింగం పేరు, పక్కన ఫోటోలు, ముప్పై నాలుగు. రొట్టె పెనం మీద ఉంది. ఎడమ చేతి బొటనవేలు ఖాళీగా ఉంది. అది ముప్పై నాలుగింటినీ పట్టుకుని గ్రూపులోకి తోసి, కింద ఎప్పటి మాట అతికించి, మళ్లీ రొట్టె దగ్గరికి వచ్చేసింది.

రొట్టె దించేలోగా సుమన మెట్లెక్కి వచ్చింది. బిందెలో సగం నీళ్లే ఉన్నాయి. ఒక చేతిలో ఫోను.

"అమ్మా, నా బొమ్మను ఏడు వందల యాభైకి అమ్మకానికి పెట్టినవా?"

"ఏం బొమ్మనే?"

సుమన ఫోన్ చూపించింది. భూదేవి తన ఫోన్ కూడా తీసి చూసింది. కత్తులు, రెక్కలు, కొమ్ములు, గులాబీ రంగు జుట్లు. ముప్పై నాలుగు మంది జానెడెత్తు పిల్లలు ఆమె గ్రూపులో వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ల కింద అప్పటికే తొమ్మిది మంది బుక్ చేశారు. భూదేవి చూడకుండా పంపేది, వాళ్లు చూడకుండా బుక్ చేసేవాళ్లు. వ్యాపారం అంత నమ్మకం మీద నడుస్తోంది.

"డిలీట్ కొట్టమ్మా. అందరి ఫోన్లలకెళ్లి పోయేటట్టు కొట్టు, జర మెల్లగ చూసి..."

మెల్లగా చూసే అలవాటే ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. "చూసి" అనే మాట సుమన నోట్లో ఉండగానే బొటనవేలు ఏదో నొక్కింది, ఫోన్ ఏదో అడిగింది, బొటనవేలు అవునంది. గ్రూపు మొత్తం తెల్లగా, కడిగిన పలకలా అయిపోయింది.

"పోయినయి" అంది భూదేవి ఊపిరి పీల్చుకుంటూ.

"నీ ఫోన్లకెళ్లి పోయినయమ్మా. నీ ఒక్కదాని ఫోన్లకెళ్లి. మిగతా అందరికీ ఉన్నయి."

అంటే ఇప్పుడు ఏం అమ్మిందో, ఎవరికి అమ్మిందో ఊరందరికీ తెలుసు, అమ్మినామెకు తప్ప. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పొరపాటైందని చెప్పేయమంది సుమన. భూదేవికి ఉన్ ఆవిడ, ఆమె చెల్లెలు కళ్ల ముందు కనిపించారు. ముందు ఎంతమంది బుక్ చేశారో తెలుసుకుని, వాళ్లకు విడివిడిగా నచ్చజెప్పుకుందామని ఆమె ఆలోచన. గొంతు సవరించుకుని గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టింది.

"అందరికి నమస్తే. నా ఫోన్ జర ఖరాబైంది. ఎవరెవరు ఏ నంబర్ బుక్ చేసిన్రో మల్లొకసారి చెప్పుండ్రి."

మొదటి జవాబు సిరిసిల్ల నుంచి సారక్కది. సోమలింగానికి అక్క, భూదేవికి ఆడబిడ్డ, గ్రూపులో సగం మందిని చేర్పించిన మనిషి. "ఒకటో నంబర్ నాది" అని రాసింది. ఒకటో నంబరంటే నీలం జుట్టు పిల్ల. సుమన నోరు తెరిచింది.

"అమ్మా, ఒకటో నంబర్..."

"నోరు మూసుకో, లెక్క తప్పుతది."

లెక్క తప్పడం కాదు, పెరగడం మొదలుపెట్టింది. మళ్లీ చెప్పమనగానే, ఇంకా దొరుకుతున్నాయి కాబోలని ఇంతకుముందు బుక్ చేయని వాళ్లు కూడా చేశారు. కోరుట్ల పద్మారాణి ఒక్కతే పదిహేడో నంబరుతో కలిపి నాలుగు రాసింది. పావుగంటలో తొమ్మిది కాస్తా ముప్పై ఒకటి అయింది. భూదేవి ఒక్కొక్కటే జాబితాలో టైపు చేసింది. ప్రతి ఆదివారం జాబితా పూర్తి కాగానే దాన్ని సోమలింగానికి పంపుతుంది. ఆయన మిల్లులో ఆ చీరలు పక్కన తీయిస్తాడు. ఈ ఆదివారం కూడా జాబితా పూర్తయింది. బొటనవేలు దాన్ని పంపేసింది.

పది నిమిషాలకు వీడియో కాల్ వచ్చింది. ఈసారి ఎవరూ చేతులు అడ్డం పెట్టలేదు. సోమలింగం ఒక మెత్తటి సోఫా మీద, మాస్కు గడ్డం కిందికి దించుకుని, చేతిలో చిన్న గిన్నెతో కూర్చుని ఉన్నాడు. వెనక నల్లకోటు ఆయన ఒకడు, అమ్మాయిలు ముగ్గురు నిలబడి ఉన్నారు.

"భూదేవి, నీ లిస్టు ప్రకారం అన్ని తీయించిన" అన్నాడు గర్వంగా. "ముప్పై ఒకటి కౌంటర్ మీద పెట్టిన్రు. లోపలికెళ్లి కొన్ని తెచ్చిన్రు. నన్ను కూసుండవెట్టి చాయ్ ఇచ్చిన్రు. పచ్చగున్నది, చేదుగున్నది, గని మర్యాద కోసం తాగుతున్న. ఇగో ఈయన మేనేజరట. నేను తల ఊపినప్పుడల్ల వంగి దండం పెడుతున్నడు."

"నీ దగ్గర పైసలెన్ని ఉన్నయయ్యా?"

"ఒక్క బొమ్మకు ఉన్నయి."

"మరి ముప్పై ఒకటి ఎట్ల తీయించినవ్?"

"నువ్వు లిస్టు పంపినవ్ కదనే. ఇరవై ఏండ్ల సంది నువ్వు పంపిన లిస్టు నేను ఎన్నడన్న ఎందుకని అడిగిన్నా?"

అడగలేదు. సోమలింగం ఎవరినీ ఏదీ అడగడు, ఎవరికీ వద్దని చెప్పడు. మగ్గం మొండికేస్తే దానికీ నచ్చజెప్పే రకం. అలాంటి మనిషి ఇప్పుడు, భాష రాని చోట, అంతమంది వంగి దండాలు పెట్టాక, ముప్పై బొమ్మలు వద్దని చెప్పాలి.

"బాపు" అంది సుమన ఫోన్ అందుకుని, "ఆ నీలం జుట్టు పిల్ల ఒక్కటి చాలు. ఖాలీ ఒక్కటి."

"ఒక్కటంటే ఎట్ల చెప్పాలె బిడ్డా? వీళ్లు సంచులు కూడ తెచ్చిన్రు."

"నీకు వీడియో వద్దని వాళ్లెట్ల చెప్పిన్రు?"

సోమలింగం దుకాణం అమ్మాయి వైపు ఒకసారి చూశాడు. చేతిలో గిన్నె కింద పెట్టి లేచాడు. నీలం జుట్టు పిల్ల డబ్బాను రెండు చేతులతో తీసి కళ్లకద్దుకున్నాడు. మిగతా ముప్పై డబ్బాల వైపు తిరిగి, రెండు చేతులూ గుండె ముందు కత్తెర వేసి, నడుము విరిగేదాకా వంగాడు. మేనేజరు ఒక్క క్షణం చూసి, ఆయన కూడా వంగాడు. సోమలింగం మళ్లీ వంగాడు. ముగ్గురు అమ్మాయిలూ వంగారు. అలా ఆరుసార్లు వంగుళ్లు అయ్యాక బొమ్మకు డబ్బు కట్టి, రసీదు తీసుకుని బయటపడ్డాడు. తర్వాత ఆయనే చెప్పాడు, తన జన్మలో ఒకరికి వద్దని చెప్పడం అదే మొదటిసారని, చాలా హాయిగా ఉందని.

జపానులో గొడవ తీరింది, నవాగామ్‌లో తీరలేదు. బుక్ చేసినవాళ్లందరికీ ఏం చెప్పాలో భూదేవికి పాలుపోలేదు. నిజం చెప్పక తప్పదని, గ్రూపులో మాట రికార్డు చేయడానికి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడు పద్మారాణి నుంచి ఒక ప్రశ్న వచ్చింది.

"భూదేవక్కా, పన్నెండో నంబర్ గౌనుకు చేతులు కుట్టి వస్తయా, మనమే కుట్టించుకోవాల్నా? ఆ మోడల్ పిల్ల జర బక్కగున్నది. మాకు ఫ్రీ సైజ్ పంపు."

భూదేవి ఆ మాటను రెండుసార్లు చదివింది. సుమనతో చదివించుకుని మూడోసారి విన్నది. అప్పుడు తెలిసింది. రెండేళ్లుగా ఆ గ్రూపులో చీర కట్టుకున్న మోడళ్ల ఫోటోలు తప్ప మరేవీ రాలేదు. అలవాటైన కళ్లు ఫోటోలో మనిషిని చూడవు, బట్టనే చూస్తాయి. వాళ్లెవరూ బొమ్మలను బుక్ చేయలేదు. బొమ్మలు వేసుకున్న బట్టలు బుక్ చేశారు.

"అయితె ఇంకేంది" అంది భూదేవి కళ్లు తుడుచుకుని. ఒక్కసారిగా ఆమె గొంతు మారిపోయింది.

"ఇంకేందంటవేంది? ఆ బట్టలు యాడున్నయమ్మా? లోకంల లేవు."

"లోకంల లేకపోతే ఏమాయె. మనం సూరత్‌ల ఉన్నం. ఫోటో ఉన్నదంటే బట్ట ఉన్నట్టే."

ఇది గొప్పకు అన్న మాట కాదు. ఆ ఊళ్లో సోమవారం ఎక్కడో ఒక పెళ్లికూతురు కట్టిన చీర, గురువారానికి వెయ్యి మందికి తయారవుతుంది. గ్రూపులో చెరిగిపోయినా సోమలింగం పంపిన ఫోటోలు అతనితో ఉన్న చాట్‌లో భద్రంగానే ఉన్నాయి. సుమన కాగితం తీసి, ఒక్కొక్క బొమ్మ గౌనునూ ముందు వైపు, వెనక వైపు గీసింది. పల్సానా మిల్లులో మిగిలిన తానుల ముక్కలు చవగ్గా దొరికాయి. మొదటి అంతస్తులో ఉండే దర్జీ మార్కండేయ కత్తిరించడానికి ఒప్పుకున్నాడు. ఆ వాడలో రాళ్లు అంటించడం, లేసు కుట్టడం రాని ఇల్లు లేదు. నాలుగు ఇళ్లలో పని మొదలైంది.

పదిహేడో నంబరు దగ్గర మార్కండేయ ఆగాడు.

"అక్కా, ఈ పిల్లకు తోక ఉన్నది" అన్నాడు.

భూదేవి కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. నిజమే. గౌను వెనక కుచ్చులాంటి తెల్లటి నక్కతోక ఉంది.

"కుట్టాల్నా వద్దా?"

"ఫోటోల ఉన్నదా?"

"ఉన్నది."

"ఉంటే కుట్టు. రేపు ఫోటోల ఉన్నది పీసుకు లేదనొద్దు."

నక్కతోక తొక్కితే అదృష్టమంటారు. కుడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. పద్మారాణి చెల్లెలి కూతురు ఆ గౌను తోకతో సహా కోరుట్లలో ఒక పెళ్లికి వేసుకుని వెళ్లింది. మర్నాడు గ్రూపులో ఆరుగురు "తోకది ఉన్నదా" అని అడిగారు. జూలై మొదటి వారానికి ముప్పై ఒక్క పార్సిళ్లూ వెళ్లిపోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. ఈలోగా సోమలింగం కూడా తిరిగొచ్చాడు. నీలం జుట్టు పిల్ల సుమన పుస్తకాల అర మీద కత్తి పట్టుకుని నిలబడింది. సుమన రోజూ దుమ్ము తుడిచి, వెనక్కి జరిగి, ఊరికే చూసేది. భూదేవి కూడా ఎవరూ లేనప్పుడు ఊరికే చూసేది.

అంతా చల్లబడిందనుకున్న ఒక మధ్యాహ్నం సారక్క వీడియో కాల్ చేసింది. అక్క ముఖం తెర మీద చూడగానే సోమలింగం, ఎండలో బట్టలున్నాయని గుర్తొచ్చినట్టు డాబా మీదికి వెళ్లిపోయాడు.

"గౌను ముట్టిందా వదినె?" అని అడిగింది భూదేవి. ఒకటో నంబరు నీలం గౌనును సారక్క మనవరాలి కోసమనుకుని ప్రత్యేకంగా కుట్టించింది.

"ముట్టింది. మంచిగున్నది. మరి పిల్ల ఏది?"

"ఏ పిల్ల వదినె?"

"ఫోటోల ఉన్న పిల్ల. నేను బుక్ చేసింది పిల్లను. అరవై రెండేండ్ల దాన్ని, నాకు గౌనెందుకే?"

బుక్ చేసిన అంతమందిలో ఒకే ఒక్కరు ఫోటోను ఫోటోలా చూశారు, ఆ ఒక్కరూ సారక్క.

"బొమ్మ నీకెందుకు వదినె?" అంది భూదేవి.

"మీ అన్న వోయినంక నాలుగు మగ్గాలు నేనొక్కదాన్నే నడుపుతున్న. కరోనాల గూడ నడిపిన. టీవీ పక్కన పెట్టుకుంటందుకు నాకు ఒక్క బొమ్మ నచ్చలే ఇన్నేండ్లల్ల. ఆ పిల్ల కత్తి పట్టుకోని ఎవ్వనికి భయపడనట్టు నిలవడ్డది. నాకు నచ్చింది. బుక్ చేసిన. బుక్ అంటే బుక్ అని నువ్వే రాస్తవ్ కద."

రాస్తుంది. తన చేత్తో, తన బొటనవేలితో, రెండేళ్ల నుంచి రాస్తూనే ఉంది. సారక్క అలిగి గ్రూపులోంచి లేస్తే వెనకాల వంద మంది లేస్తారు. భూదేవి అర మీది బొమ్మ వైపు చూసింది, దాని కింద కూర్చుని గీసుకుంటున్న కూతురి వైపు చూసింది. రెండు వందల మంది ముందు మాట పోతే వ్యాపారం పోతుంది. రాళ్లు అంటించి వేళ్లు పగలగొట్టుకున్న పిల్ల ముందు మాట పోతే, పోయేది వ్యాపారం కాదు.

"సుమనా" అని పిలిచింది. "బిడ్డా, మీ అత్త..."

"విన్నమ్మా" అంది సుమన. ఏడుస్తుందనుకున్న పిల్ల తాపీగా పెన్సిలు పక్కన పెట్టి, తల్లి చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "అత్తమ్మా, నీ ఫోన్ల మన గ్రూపు ఉన్నదా?"

"ఉన్నది. మీ అమ్మ లెక్క ఖరాబు చేసుకుంటనా నేను?"

"జూన్ల ఆ ఆదివారం దాకా పైకి జరుపు. బొమ్మల ఫోటోల కింద, మొట్టమొదటి స్క్రీన్‌షాట్ ఎవరిదో చూడు."

సారక్క ఫోన్ ఎక్కడో ఆనించి, పక్కనున్న మనవరాలి సాయంతో తెరను జరిపింది. చాలాసేపు పట్టింది. అటు నుంచి గొణుగుడు వినిపించింది.

"తొమ్మిది పన్నెండుకు సుమన అని ఉన్నది" అంది మెల్లగా. "ఒకటో నంబర్. నాది తొమ్మిది పదమూడుకు ఉన్నది."

భూదేవి కూతురి వైపు తెల్లబోయి చూసింది.

"నేను గూడ గ్రూపుల ఉన్న కదమ్మా" అంది సుమన. "నల్లా నీళ్లకు లైన్ల నిలవడ్డ. నా బొమ్మ అమ్మకానికొచ్చింది. నువ్వు ఎవ్వరి మాట ఇన్నా ఇనకున్నా నీ రూలు మాత్రం ఇడువవు. అందుకే మొదలు స్క్రీన్‌షాట్ పెట్టి, ఆఖరికి ఉరికొచ్చిన. ఆనాడే చెప్పవోతె నోరు మూసుకొమ్మన్నవ్."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని పెద్దలన్నారు. ఆ తల తన్నే మనిషి తన కడుపునే పుట్టిందని భూదేవి అప్పటిదాకా గమనించలేదు. ఆమెకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. డాబా మెట్ల మీద ఇంతసేపూ చెవులు రిక్కించి నిలబడ్డ సోమలింగం, ఆరని బట్టలు పట్టుకుని ధైర్యంగా కిందికి దిగి వచ్చాడు.

సారక్క మొండి మనిషే కానీ తొండి మనిషి కాదు.

"కోడలిదే ముందు" అంది. "రూలు రూలే. నాకు తర్వాత చూడుండ్రి. తమ్మున్ని సేటు మల్ల జపాన్ పంపుతడా?"

"పంపుతడక్కా" అన్నాడు సోమలింగం. వద్దని చెప్పడం నేర్చుకున్నది జపాను వరకే.

"మంచిది. అయితె ఒక్క ముచ్చట భూదేవి. గ్రూపుల అందరు పైసలు కట్టిన్రు. నేను గూడ గౌనుకు కట్టిన. మరి కోడలు కట్టిందా?"

రూలు తన పక్షాన ఉన్నంతసేపూ ముద్దుగానే ఉంటుంది. సుమన లేచి, తర్వాత తోక గౌన్లు కుట్టి అమ్ముకుంటున్న మార్కండేయ గీసినందుకు ఇచ్చిన డబ్బుల్లోంచి ఏడు వందల యాభై తీసి, అత్త చూస్తుండగా తల్లి చేతిలో పెట్టింది.

ఫాల్, పీకో డబ్బులు మాత్రం భూదేవి తల్లి మనసుతో మాఫీ చేసింది.